ఖాళీ సీటుకు బెల్టు

నాయన అరవై దాటాక కొన్న కారులో సీట్లు రెండే. కుడిపక్కది ఆయనది. ఎడమపక్క సీటు గురించే ఇప్పుడు రాస్తున్నాను.

పాప నిద్రపోయింది. ఊపిరి సమంగానే ఆడుతోంది. తాడిపత్రిలో మా ఆయన పనిచేసే చోట రాతి దుమ్ము దానికి పడలేదు. రాత్రయితే పిల్లికూతలు వచ్చేవి. కొన్నాళ్లు వేరే గాలికి తీసుకుపొమ్మని డాక్టరు చెబితే నాయన ఇంటికి వచ్చేశాం. మా ఆయన వారానికి ఒకసారి బస్సులో వచ్చి పోతుంటాడు. ఇక్కడికి వచ్చాక పిల్లికూతలు తగ్గాయి గానీ, వాటికోసం చెవి పెట్టుకుని పడుకునే అలవాటు నాకు పోలేదు. అందరూ పడుకున్నాక మెలకువగా ఉంటాను కాబట్టి ఏదో ఒకటి రాసుకుంటుంటాను.

మా ఊరు నల్లమాడకు అవతల, గుట్టల నడుమ. గుట్టల మీద వరసగా గాలిమరలు నిలబెట్టారు. పొద్దు వాలేటప్పుడు వాటి రెక్కల నీడలు చేల మీదుగా వచ్చి, మా గోడ ఎక్కి, దిగి పోతుంటాయి. వచ్చిన కొత్తలో పాప ఆ నీడ వచ్చినప్పుడల్లా తల వంచుకునేది. ఇప్పుడు వంచుకోవడం మానేసింది. నేను మానలేదు.

నాయన బతుకంతా లారీ తోలాడు. తాడిపత్రి నుంచి బండలు వేసుకుని బెంగళూరు, హుబ్లీ, ఇంకా అవతలికి పోయేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి రాప్తాడు దగ్గర టైరు విప్పుకుని కూర్చుని ఉంటే, నేలకు జానెడు ఎత్తులో ఒక కారు ఆయన పక్కనుంచి పోయిందట. "అది పోయినాక వచ్చింది దాని చప్పుడు" అంటాడు. అప్పటినుంచి లారీలో దేవుడి పటం పక్కన అట్లాంటి కారు బొమ్మ ఒకటి అంటించి ఉండేది. ఎండకు వెలిసిపోతే ఇంకొకటి అంటించేవాడు. అమ్మ ఎగతాళి చేసేది. "దేవునికి పూలు మార్చవు గానీ దానికి మాత్రం బొమ్మ మారుస్తాండావే!"

"నీకు తెల్దులే. ఇన్నేండ్లూ మిద్దెక్కి కూర్చున్నట్ల రోడ్డును పైనుంచే చూసినా. ఒక్కసారన్నా దాని పక్కన పండుకొని పోవల్ల."

నేను డిగ్రీలో ఉండగా అమ్మ పోయింది. ఆ తర్వాత నాయన లారీ అమ్మేశాడు. గుట్టకింది మెట్టచేను గాలిమరల వాళ్లకు ఇచ్చాడు. నేనూ పాపా ఇక్కడికి వచ్చాక ఒకరోజు బెంగళూరు పోయి, పాతదే, మూడు చేతులు మారిన కారు కొనుక్కుని వచ్చాడు. చింతాకు రంగు. మా చుట్టుపక్కల చేలన్నీ ఎండి బూడిదరంగులో ఉన్న కాలం. దూరం నుంచి ఆ పచ్చ కదిలి వస్తుంటే మా అత్త మొదట అదేమిటో పోల్చుకోలేకపోయింది.

అత్త అంటే నాయనకు అక్క. పిన్న వయసులోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయింది. గుమ్మడికాయ చేతపట్టుకుని కారు చుట్టూ తిరిగింది.

"ఏమిరా, ఇంత పొట్టిగా ఉండాది? బోర్లా పండుకొని తోలల్లనా?"

"ఎక్కి చూడక్కా."

"నేనెక్కితే దించేదానికి నలుగురు రావల్ల. ముందు నువ్వు దిగు, దిష్టి తీస్తా."

నాయన దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎడమపక్కకు చూస్తున్నాడు. కారులో ఏదో మోగుతోంది. టింగ్, టింగ్ అని, గుడిలో చిన్నపిల్లలు గంట అందుకున్నట్టు. ఎదురుగా అద్దం కింద ఎర్రగా చిన్న బొమ్మ వెలుగుతోంది. కూర్చున్న మనిషి బొమ్మ.

"బాగేపల్లి దాటినప్పట్నుంచి ఇదే" అన్నాడు. "అంతవరకూ గమ్మునే ఉండె."

"ఆ బొమ్మ ఎవురిదిరా?" అంది అత్త.

నేను వంగి చూసి నవ్వాను. పక్కసీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే అట్లా మోగుతుందని, సీటు కింద బరువు కనిపెట్టే యంత్రం ఉంటుందని, పాత కార్లలో అది చెడిపోవడం మామూలేనని చెప్పాను. ఫోనులో వెతికి చదివి వినిపించాను కూడా. నేను చదివింది ఫిజిక్సు. ఇంట్లో ఫ్యూజు పోయినా నన్నే అడుగుతారు.

నాయన అంతా ఓపికగా విన్నాడు. "బరువు కనిపెట్టే యంత్రం గదా?"

"అవును."

"బరువు ఉండాదని అదే చెప్తాండాది. అబద్ధం చెప్పేదానికి దానికేం పనమ్మా?"

ఆయన సీటు మీది నీళ్ల సీసా తీశాడు, తువ్వాలు తీశాడు, చేత్తో దులిపాడు. మోగుతూనే ఉంది. చివరికి ఆ బెల్టు లాగి, ఎవరూ లేని సీటుకు అడ్డంగా వేసి, క్లిప్పు నొక్కాడు. చప్పుడు ఆగిపోయింది.

ఆరోజు నుంచి ఆ బెల్టు అట్లాగే ఉండిపోయింది. నాయన ఊళ్లో నుంచి పోతుంటే పక్కన ఖాళీ సీటు, దానికి బెల్టు. టీ అంగడి దగ్గర అనేవాళ్లు అననే అన్నారు. "ఏమన్నా, వదిన్ను బెల్టు కట్టి తిప్పుతాండావే!"

"మీ వదిన అయితే ఇంతసేపు గమ్మున కూర్చుంటాదా? ఈపాటికి నీ అప్పులన్నీ నాకు చెప్పి ఉండు" అన్నాడట నాయన. ఇంటికొచ్చి తానే చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగానే గుర్తుంది. అప్పటికి భయం లేదు ఎవరికీ.

భయం నాకే, అది వేరే భయం. నాయనకు పాపను ఎక్కించుకోవాలని ఉండేది. కారు కొన్నదే అందుకన్నట్టు మాట్లాడేవాడు. "నేనూ నా మనవరాలూ. రెండే సీట్లు. ఇంగెవురికీ చోటు లేదు." పాపకు నాలుగేళ్లు నిండలేదు. ముందు సీట్లో అంత పిల్లను కూర్చోబెట్టకూడదు. ఎదుట ఎయిర్‌బ్యాగు పేలితే ఆ మెడ ఆగదు. నాయనకు చూపు ముందున్నంత లేదు. మా రోడ్ల మీద ఈ కాలంలో ఉలవలు పోస్తారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవి చెప్పడానికే నోరు రాలేదు. ముప్పై ఏళ్లు బండలు మోసి, ఒక్క మేకపిల్లను కూడా తొక్కని మనిషితో, నీ చేతిలో నా బిడ్డను పెట్టను అని ఎట్లా అంటాను?

అందుకని ఒకరోజు, పాప కారు తలుపు పట్టుకుని ఏడుస్తుంటే, మెత్తగా వేరే మాట అన్నాను. "ఆ సీట్లో ఎవరో ఉండారంట కదా నాయనా. వాళ్లు దిగిపోనీలే, అప్పుడు పాప ఎక్కుతుంది."

తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. పెద్దవాళ్ల మనసు కష్టపడకుండా బిడ్డను కాచుకోవడానికి అందరూ అట్లాంటి మాట ఏదో ఒకటి అంటారు. నేను నవ్వుతూనే అన్నాను. నాయన నవ్వలేదు. కాసేపు సీటును చూసి, తల ఊపాడు.

"అది నిజమే. ముందు దించల్ల" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, లారీ వాళ్ల మధ్య ఉన్న పద్ధతి. నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఖాళీ లారీ కూడా ఒక్కోసారి లోడు ఉన్నట్టు లాగుతుందట. ఎక్కువగా మిట్టమధ్యాహ్నం, మనుషులు పోయిన చోట్లు దాటాక. అంటే దారిలో ఎవరో ఎక్కారని లెక్క. దానికి భయపడాల్సింది ఏమీ లేదు, వాళ్లకూ ఎక్కడికో పోవాలి. తర్వాత వచ్చే మూడుదార్ల కాడ లారీ ఆపి, దిగి, క్లీనరు వైపు తలుపు తెరవాలి. ముఖం అటు తిప్పుకోవాలి. "మీ ఊరొచ్చింది, దిగండి" అనాలి. ఒక మనిషి దిగేటంత సేపు ఆగి, చూడకుండానే తలుపు వేసి, వచ్చి కూర్చుని తోలుకుని పోవాలి. మోరీ గానీ వంతెన గానీ దాటేదాకా ఆ పక్కకు తిరిగి చూడకూడదు.

"చూస్తే?"

"చూస్తే పిలిచినట్లు. మళ్లా ఎక్కుతారు."

"నువ్వు చేసినావా నాయనా ఎప్పుడన్నా?"

"శానాసార్లు" అన్నాడు, ఆయిల్ మార్చినంత మామూలుగా. "దిగినాక బండి తేలికైతాది. తెలుస్తాది."

ఆ మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం సంగటి తిన్నాక కారు తీసుకుని పోవడం మొదలుపెట్టాడు. మా ఊరి రోడ్డు నల్లమాడ రోడ్డులో కలిసే మూడుదార్ల దాకా పోయి, అక్కడ తలుపు తెరిచి, వేసి, వంతెన దాటి తిరిగి వచ్చేవాడు. వచ్చాక ఇంటిముందు బెల్టు విప్పి చూసేవాడు. టింగ్, టింగ్. మళ్లీ పెట్టేసేవాడు.

"దిగినారా తాతా?" అని పాప పరిగెత్తి అడిగేది.

"ఇంగా లేదు పాపా. మొండోళ్లు."

పాపకు అదొక ఆట అయింది. సాయంత్రాలు కారు ఇంటిముందు ఆగి ఉన్నప్పుడు, ఎడమ సీట్లో పెట్టిన బెల్టు మీదే ఎక్కి కూర్చునేది. నాయన వచ్చి తలుపు తెరిచి, ముఖం అటు తిప్పుకుని, గొంతు మార్చి, "మీ ఊరొచ్చింది, దిగండి" అనేవాడు. పాప చప్పుడు కాకుండా దూకి, కారు వెనక్కి పోయి గొంతు కూర్చునేది. నాయన చూడకుండా తలుపు వేసి, పోయి తన సీట్లో కూర్చుని, నోటితో ఇంజను చప్పుడు చేసేవాడు. కొంతసేపటికి, "అయ్యో, నా పాసింజరు యాడ?" అంటే పాప వెనకనుంచి కిలకిలలాడుతూ లేచేది. నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. తాళం చెవి నా ఒళ్లో ఉండేది కాబట్టి నాకు నిశ్చింత.

రోజులు గడిచేకొద్దీ నాయన నవ్వడం తగ్గించాడు. మధ్యాహ్నాలు పోయి రావడం ఆలస్యమవుతోంది. మూడుదార్లు చాలవని, ముందుకు పోయి ఇంకో చోట, అక్కడా కాకపోతే ఇంకా ముందుకు. అన్నం తింటూ తింటూ ఆగి, "ఎవురో గానీ, ఊరు తెలీక దిగడంల్యా. ఏ ఊరని చెప్పల్ల?" అన్నాడు ఒకసారి. నేను యంత్రం మార్పిద్దామన్నాను. బెంగళూరు తీసుకుపోతే ఒక పూట పని అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. గంట తీసేస్తే మనిషి పోతాడా అన్నట్టు.

ఒకరోజు నేనే బట్టలు ఆరేసి వస్తూ కారు పక్కన ఆగాను. తలుపు తెరిచి ఆ సీటు మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాలుతుందనుకున్నాను, కాలలేదు. కారు నీడలో ఉంది మరి, కాలకపోవడంలో వింత లేదు. చెయ్యి మాత్రం వెంటనే తీసేసుకున్నాను. ఎవరి మీదో చెయ్యి వేసినట్టు అనిపించింది. క్షమించమని అడగబోయి, ఆగి, లోపలికి వచ్చేశాను.

అది జరిగింది మాఘమాసంలో. ఊరంతా ఉలవలు పీకి తెచ్చి రోడ్డు మీద పరిచే కాలం. మా దిక్కున కళ్లాల్లో నూర్చడం ఎప్పుడో మానేశారు. మూడుదార్ల కాడ తారురోడ్డు పొడుగునా ఉలవకట్టె పరిచేస్తారు. బస్సులు, ట్రాక్టర్లు, లారీలు దాని మీదుగా పోతే కాయలు పగిలి గింజ రాలుతుంది. డ్రైవర్లు పక్కకు తప్పించుకుని పోరు. కుప్ప ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడికే తిప్పి తొక్కిస్తారు, అది చేసిపెట్టే సాయం. పరిచినవాళ్లు దూరంగా నీడలో కూర్చుని ఉంటారు.

ఆ మధ్యాహ్నం నేను మిద్దె మీద కందులు ఆరబోస్తున్నాను. పాప కింద అత్త దగ్గర అన్నం తింటోంది. కారు బయలుదేరిన చప్పుడు వినపడింది, రోజూ వినే చప్పుడే. తలెత్తలేదు. గాలి లేదు. గుట్ట మీద మరలన్నీ ఆగిపోయి ఉన్నాయి. అవి ఆగినప్పుడు మా ఊళ్లో చప్పుడన్నది ఉండదు. కందులు నా వేళ్లలోనుంచి జారడం వినబడుతోంది.

నడుము పట్టేసి నిలబడ్డాను. మా మిద్దె మీదనుంచి మూడుదార్ల దాకా నేల పల్లంగా పరుచుకుని కనిపిస్తుంది. దూరంగా ఆ పచ్చ కారు ఉలవకట్టె నడుమ ఆగింది. చీమంత నాయన దిగాడు. ఎడమపక్కకు నడిచాడు. తలుపు తెరిచి, ముఖం గుట్టల వైపు తిప్పుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్లూ విన్నదే గానీ అది జరగడం నేను చూడలేదు. ఆ ఎండలో, ఎవరూ లేని చోట, తెరిచిన తలుపు పక్కన వీపు తిప్పి నిలబడిన నాయనను చూస్తూ కందులు మరిచిపోయాను. తర్వాత వెనక్కి చెయ్యి పెట్టి తలుపు వేశాడు. ముందునుంచి తిరిగి వచ్చి ఎక్కాడు. కారు వంతెన వైపు సాగిపోయింది.

అది పోయిన చోట ఏదో ఉండిపోయింది.

రోడ్డు మీద, ఉలవకట్టెలో, చిన్నది. మొదట గోనెసంచి అనుకున్నాను. అది కొంచెం లేచింది. నిలబడింది.

అప్పుడు నా మనసుకు తట్టింది ఒకటే మాట, దిగిపోయినారు అని. భయం కాదు. ఆశ్చర్యమూ కాదు. హమ్మయ్య అనిపించింది. నిజంగానే ఎవరో ఉన్నారు, ఇన్నాళ్లకు దిగారు, నాయన చెప్పిందే నిజం, ఇక పాప ఎక్కవచ్చు. ఇంత పొట్టిగా ఉన్నారే, చిన్నపిల్లో ఏమో, పాపం అని కూడా అనుకున్నాను. నేను అక్కడ నిలబడి, జాలిపడుతూ, ఆ దిగిన మనిషి ఎటు పోతుందో చూద్దామని చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. అది ఎటూ పోలేదు. మళ్లీ గొంతు కూర్చుంది.

ఆ గొంతు కూర్చోవడం నేను రోజూ సాయంత్రం చూసేదే.

"అత్తా!" అని మిద్దె మీదనుంచి అరిచాను. "పాప యాడ?"

అత్త వసారాలోంచి తాపీగా పలికింది. "మీ నాయనతో పోయింది గదమ్మా. అన్నం తినకుండా ఏడుస్తాంటే నేనే ఎక్కించినా. బిడ్డ కూర్చుంటే సీటు బిడ్డది అయితాది, ఆ ఎవురో వాళ్లే దిగిపోతారు."

మెట్లు ఎట్లా దిగానో నాకు తెలియదు. స్కూటరు స్టాండు తియ్యడం, చెప్పులు లేకపోవడం గుర్తున్నాయి. ఊరు దాటగానే దారి కొంచెం పల్లంలోకి దిగుతుంది. అక్కడనుంచి మూడుదార్లు కనబడవు. ఆ పల్లంలోకి దిగే ముందు ఒక్క క్షణం చూశాను. నల్లమాడ వైపు మలుపులో దుమ్ము లేచింది. ఏదో పెద్ద బండి వస్తోంది.

పల్లంలో ఉండగానే ఆ బండి నాకు ఎదురొచ్చింది. ఆర్టీసీ బస్సు. నన్ను దాటి పోయింది. దాని టైర్లకు ఉలవకట్టె చుట్టుకుని ఉంది. కొన్ని కొమ్మలు వేలాడుతూ, రోడ్డును ఊడుస్తూ పోయాయి. ఆ టైర్లను నేను రెండోసారి చూడలేదు. స్కూటరు ఆపలేదు కూడా. ఆపి ఉంటే మళ్లీ నడిపేదాన్ని కాదు.

పైకి ఎక్కేసరికి పాప రోడ్డు పక్కన, సున్నం కొట్టిన మైలురాయి దగ్గర నిలబడి ఉంది. గౌను నిండా ఉలవ పొట్టు. నన్ను చూసి చిరాకు పడింది.

"తాత నన్ను చూడనే లేదు" అంది. "బస్సు హారన్ కొట్టింది. పక్కకొచ్చినా."

ఎత్తుకుని తల, చేతులు, వేళ్లు తడిమాను. వేడిగా ఉంది, ఊపిరి సమంగా ఉంది. చెట్టు నీడనుంచి ఉలవలవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. "ఏమమ్మా, బిడ్డను ఈడ వదిలిపెడ్తారా యెవురన్నా? ఒక్క గడియ ఆగింటే ఆ బస్సు…" అని ఒకామె నెత్తి కొట్టుకుంది. నేను వంతెన వైపు చూస్తున్నాను.

కారు తిరిగి వస్తోంది. నెమ్మదిగా వస్తోంది. దగ్గరకొచ్చి, నన్ను చూసి ఆగింది. నాయన ముఖంలో సంతోషం ఉంది. నా చంకలో పాపను ఆయన ఇంకా చూడలేదు, నేను ఎండకు కొంగు కప్పి ఉన్నాను.

"నువ్వెందుకొచ్చినావమ్మా? ఇంటికే వస్తాండాము గదా. దిగిపోయినారు, బండి తేలికైంది. పాపకేం భయం కాలేదు. ఊ కొడ్తానే ఉండాది" అంటూ ఎడమపక్కకు తిరిగాడు.

నేను కొంగు తీశాను.

ఆయన ఖాళీ సీటును చూశాడు. పాపను చూశాడు. మళ్లీ సీటును చూశాడు. బెల్టు పెట్టినది పెట్టినట్టే ఉంది. పాప దాని మీద కూర్చుంది, దాని మీదనుంచే దిగిపోయింది. సీటు ఖాళీ అయిందని చెప్పడానికి అక్కడ మోగేది ఏమీ లేదు.

ఉలవలామె ఇంకా తిడుతోంది. నాయన ఆమె మాటలు వినలేదు. నాతో, చాలా చిన్నగా అన్నాడు. "పలికింది."

"ఎవరు నాయనా?"

"వంతెన దాకా. భయమా పాపా అంటే, ల్యా అనింది. నీళ్లు కావల్లనా అంటే ల్యా అనింది. ఇంగెంత దూరం అని అడిగింది." చేతులు స్టీరింగు మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "వంతెన దాటినాక చూడల్ల అనుకున్నా. చూడబుద్ధి కాలే. మాట్లాడ్తాండాది గదా అని."

"ఇంకెంత దూరం" అని మా పాప ఎప్పుడూ అడగదు. దానికి దూరాల సంగతి ఇంకా తెలియదు.

ఆ సంగతి నాయన నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తకు మాత్రం, మరిచిపోయి దించేసినా అని చెప్పాడు. ఆమె నోరు మూతబడలేదు ఆ సాయంత్రమంతా. "ఆటో తోలేవాడు కూడా పిలకాయల్ని లెక్కపెట్టుకుంటాడు గదరా!" నాయన అన్ని మాటలూ పడ్డాడు. మా ఆయన వచ్చినప్పుడు ఆయన ముందర కూడా అదే చెప్పి, తల వంచుకుని నిలబడ్డాడు. మా ఆయన మంచివాడు, "పోనీలే మామా" అన్నాడు. అన్న తర్వాత నాతో విడిగా, "ఇంక మనం వేరే చోటు చూసుకుందాం, ఇక్కడ వద్దు" అన్నాడు. నేను సరేననలేదు, వద్దనలేదు.

నాయన కారు మీద పాత లారీ పట్ట కప్పేశాడు. దాని వైపు పోవడం మానేశాడు. అది కాదు నాకు కష్టమైంది. పాపను ఎత్తుకోవడం మానేశాడు. అది దగ్గరికి వచ్చి ఒళ్లో కూర్చుంటే, చేతులు రెండూ ఎత్తి పక్కకు పెట్టుకునేవాడు, తాకకూడని దాన్ని చూసినట్టు. పాప ఏదైనా అడిగితే జవాబు చెప్పే ముందు దాని ముఖం చూసేవాడు. నోరు కదిలిందా లేదా అని చూస్తున్నాడని నాకు అర్థమవడానికి కొన్ని రోజులు పట్టింది. నేను పిలిచినా అంతే. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. తిరిగి, నన్ను చూసి, అప్పుడు "ఏమ్మా" అనేవాడు.

నా బిడ్డను ఆయన చేతిలో పెట్టాలా వద్దా అన్నదే కదా ఇన్నాళ్లూ నా బాధ. ఇప్పుడు ఆయనే తీసుకోవడం లేదు. నాకు నెమ్మది కలగాలి. రాత్రి పాప ఊపిరి వింటూ, పక్క గదిలో నాయన దగ్గు కూడా వింటున్నాను. ఇద్దరినీ కాచుకోవాలంటే ఒక్క మనసు చాలదు.

మొన్న మధ్యాహ్నం పాపను అత్త దగ్గర పడుకోబెట్టి, తలుపు గడియ వేసి, పట్ట లాగేశాను. బ్యాటరీ పనిచేసింది.

"నాయనా, నన్ను తీసుకొని పో."

"నువ్వా? వద్దమ్మా."

"నేను దిగేదాన్ని కాదు. రా."

లోపలికి పోయాడు. తర్వాత అంగీ తొడుక్కుని వచ్చాడు. నేను ఎడమపక్క తలుపు తెరిచి, ఆ బెల్టు విప్పాను. టింగ్ మని మోగుతుండగానే కూర్చున్నాను. బెల్టు నా మీదుగా లాగి పెట్టుకున్నాను. సీటు మెత్తగా ఉంది. అంతకుమించి నాకేమీ తెలియలేదు, తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా.

ఆ కారులో కూర్చుంటే నిజంగానే రోడ్డు పక్కన పడుకుని పోతున్నట్టే ఉంటుంది. రాళ్లు, గడ్డిపోచలు కంటికి ఎదురుగా వచ్చి పక్కకు పోతాయి. ఉలవలు ఎత్తేశారు. మూడుదార్ల కాడ తారు మీద పొట్టు మాత్రం మిగిలి ఉంది. నాయన అక్కడ వేగం తగ్గించాడు గానీ ఆపలేదు. ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ముఖం చూస్తే చమటలు పట్టి ఉంది.

"ఉండావా అమ్మా?" అన్నాడు.

"ఉన్నాను నాయనా."

కొంచెం దూరం పోయాక మళ్లీ. "ఉండావా?"

"ఉన్నాను."

మూడోసారి అడిగినప్పుడు గట్టిగా, నాకు నేనే వినబడేటట్టు పలికాను. ఆయనకు అది చాలలేదు. వంతెన మీద గేరు మీదనుంచి ఎడమచెయ్యి తీసి, నా వైపు చూడకుండానే, గాలిలో తడుముకుంటూ చాపాడు. నేను ఆ చేతిని అందుకోబోయి, ఎందుకో ఆగాను. ఆయనంతట ఆయనే కనుక్కోనీ అనుకున్నాను. వేళ్లు ముందు బెల్టుకు తగిలాయి, తర్వాత నా భుజానికి. అక్కడ ఆగి, నొక్కి చూసి, ఎముక తగిలేదాకా నొక్కి, అప్పుడు ఊపిరి వదిలాడు. వంతెన అయిపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఒంటిచేత్తోనే తోలుతున్నాడు. తియ్యమని నేనూ అనలేదు.